ఒక్కరోజు కూలి వీడియోకి దిగేముందు

అమెరికా టీవీ యాంకర్ మైక్ రో మురికి పనులవాళ్లతో కలిసి ఒక్కరోజు పనిచేసి చూపించే ‘డర్టీ జాబ్స్’ షో ముక్కలు నాలుగు చూసి, "మనమూ తెలుగులో ఇలాంటిదొకటి చేద్దాం అన్నా" అంటూ కెమెరా భుజాన వేసుకుని బయల్దేరేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చేయండి, మంచిదే. కానీ ఆ పని అక్కడివాళ్లకి రోజూ చేసేది, మీకు మాత్రం మొదటిరోజు. ఏ పనిలోనైనా దెబ్బలు తగిలేది ఎక్కువగా కొత్తవాళ్లకే. ఆ లెక్కన మైక్ రోది విచిత్రమైన కెరీర్, 2005 నుంచి 2012 దాకా డిస్కవరీ ఛానల్లో ఆయన చేసిందంతా ఏదో ఒక పనిలో మొదటిరోజే.

పుట్టుకతో మట్టిపనివాడేం కాదు. బాల్టిమోర్‌లో ఒపెరా పాడాడు, క్యూవీసీ అనే షాపింగ్ ఛానల్లో అర్ధరాత్రుళ్లు వస్తువులు అమ్మాడు, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో లోకల్ టీవీలో చేరాడు. తాతకి తొంభై ఏళ్లొచ్చాయి, నువ్వు పనిలాంటి పని చేస్తుంటే టీవీలో చూసుకుంటాడు కదరా అని వాళ్లమ్మ ఫోన్లో అంటే మురుగుకాలువలోకి దిగాడట. అక్కడ ఎలుకలూ బొద్దింకలూ ఆయన్ని మైకు ముందు నోరు తెరవనివ్వలేదు, దాంతో స్క్రిప్టు పక్కన పడేసి, అక్కడ ఇటుకలు మారుస్తున్న మనిషికి సాయం చేస్తూ కూర్చున్నాడు. అసలు షో అక్కడ పుట్టింది.

ఇది విని మీరు మ్యాన్‌హోల్ మూత మీద చెయ్యి వేయకండి. ముందు చెప్పాల్సిన జాగ్రత్త ఇదే. మన దగ్గర రక్షణ పరికరాలు లేకుండా మురుగుకాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, వీడియో కోసం దిగినా గ్యాస్ మిమ్మల్ని వదిలిపెట్టదు. అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియడం ఆగిపోతుంది. "వాసన పోయింది, ఇక ఫర్వాలేదు" అనుకున్నారంటే అంతే సంగతులు. అది గాలికంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. పాడుబడ్డ బావులదీ ఇదే సంగతి, అగ్గిపుల్ల వెలిగించి చూడటం పరీక్ష కాదు, లోపల మీథేన్ ఉంటే అంటుకుంటుంది. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే వెనకాల దూకకండి, ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయినవాళ్లు కూడా పోతుంటారు. 101కో 112కో ఫోన్ చేయండి.

మిగతా పనులకు వస్తే, సలహా అడగాల్సింది ఆ పని చేసేవాళ్లనే. టెడ్ అనే ప్రసంగాల వెబ్‌సైట్లో ఉన్న తన ప్రసంగంలో రో ఒక సంగతి చెప్పాడు. కొలరాడోలో గొర్రెపిల్లలకు విత్తులు తీసే పనికి వెళ్తూ, సరైన పద్ధతేదో ముందే నిపుణులకు ఫోన్ చేసి కనుక్కున్నాడట, రబ్బరు బ్యాండు వేయాలన్నారు. తీరా వెళ్తే అక్కడి రైతు కత్తితో కోసి, పళ్లతో లాగేస్తున్నాడు! రో కెమెరా ఆపించి బ్యాండు వేయించాడు. బ్యాండు వేసిన పిల్ల నొప్పికి వణుకుతూ కూలబడింది, కోసిన పిల్లలు కాసేపటికే గడ్డి మేస్తున్నాయి. కాబట్టి కెమెరా ఆన్ చేయకముందే ఓ గంట ఊరికే చూడండి, "అన్నా, ఈ పనిలో నీకు దెబ్బ ఎక్కడ తగిలింది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకొచ్చే జవాబు నెట్లో దొరకదు.

ఇది నాకు అనుభవమే. గుంటూరు దగ్గర మిర్చి ముచ్చికలు తీసే చోట షూటింగ్‌కి వెళ్లాం. ఒక పెద్దావిడ "ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకో బాబూ, కళ్లు మాత్రం ముట్టుకోకు" అంది. మా యాంకర్ నూనె వద్దన్నాడు, చేతులు మెరుస్తాయట. పది నిమిషాలకు చెమట తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఫుటేజంతా మనిషి బకెట్లో తలపెట్టుకుని ఉన్నదే. ఆ ఘాటు నూనెలో కరుగుతుంది గానీ ఉత్త నీళ్లకి పోదు, చేతులకి ముందు నూనె, తర్వాత సబ్బు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆరోజుకి కళ్లద్దాలతో రండి.

ఉంగరాలు, చేతి కంకణాలు ఇంట్లో పెట్టి వెళ్లండి. నూర్పిడి మిషన్, చాఫ్‌కట్టర్ (గడ్డి ముక్కలు కోసే మిషన్) దగ్గర చున్నీ, తువ్వాలు, వేలాడే మైకు వైరు, అన్నీ మృత్యువులే. రో షోలో టేక్ టూ ఉండదు, మీరూ పెట్టుకోకండి, "ఇంకోసారి చెయ్యి అన్నా, యాంగిల్ సరిగ్గా రాలేదు" అన్నప్పుడే తొందరలో చెయ్యి జారేది. పైగా హమాలీకి టిక్కీ (బస్తా) లెక్కన కూలి. మీరు ఆపిన గంట ఆయన జేబులోంచి పోతుంది, దాన్ని అందుకోవడానికి ఆయన పరుగెత్తుతాడు. ఆ గంట కూలి ముందే ఇచ్చేయండి.

‘సేఫ్టీ ఫస్ట్’ అనే బోర్డుకి ఎదురుగా రో ‘సేఫ్టీ థర్డ్’, అంటే భద్రతది మూడో స్థానం, అంటుంటాడు. గోడమీద బోర్డు ఉందని ఎవరో మనల్ని చూసుకుంటున్నారనుకోవద్దు, మన ఒంటికి మనమే పూచీ అని ఆయన వాదం. షూటింగ్‌కి వెళ్లే మీకు అది సరిపోతుంది. గ్లవ్స్ కూడా ఇవ్వని యజమాని ఇదే మాట అంటే మాత్రం నేను ఒప్పుకోను, సరంజామా ఇవ్వాల్సింది ఆయనే.

ఇక వెళ్లేముందు టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో చూసుకోండి, పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. పొలం బురదలో, ఎలుకలు తిరిగే గోదాముల్లో పనిచేస్తే గమ్‌బూట్లు తప్పనిసరి, కాలిమీద గీత పడి ఉన్నా మూసి కట్టుకోండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది వెంటనే బయటపడకపోవచ్చు, నెలరోజుల దాకా ఎప్పుడైనా జ్వరం రావచ్చు. జ్వరంతో పాటు పిక్కలు లాగుతుంటే, అప్పటికి వీడియో ఎడిటింగ్ కూడా అయిపోయి మీరు మర్చిపోయి ఉంటారు గానీ, డాక్టరుకి ఫలానా రోజు ఫలానా బురదలో దిగానని చెప్పండి.