గెడ్డని రోడ్డు అనుకోకుండా మ్యాప్ ఎలా గీయించాలి

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. రెండేళ్ల కిందట అర్ధరాత్రి మా వదినని కాన్పుకి తీసుకెళ్తుంటే, ఫోన్‌లో మ్యాప్ చూపిన దారినే డ్రైవరు పోనిచ్చాడు. అది ఎండిన గెడ్డ, అంటే వాగు. చక్రాలు ఇసుకలో దిగిపోయాయి, బయటికి లాగేసరికి ముప్పావు గంట. తల్లీబిడ్డా క్షేమమే, కానీ ఆ టెన్షన్ నన్ను వదల్లేదు. అందుకే పై నుంచి తీసిన ఫోటోల్లోంచి దారుల్ని కంప్యూటర్ చేత గీయించడం నేర్చుకున్నాను.

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితమే, కానీ ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. మన గ్రామ సడక్ రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. పిక్సెల్‌లో సగం కూడా నిండదు, పక్క పొలం రంగులో కలిసిపోతుంది. కాబట్టి డ్రోన్ కావాలి. ఎగరేసే ముందు ఆ చోట అనుమతి ఉందో లేదో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కైలో చూసుకోండి. పక్కపక్క ఫోటోలు 75 శాతం కలిసేలా తీసి, ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే చిత్రంగా అతికించి, పిక్సెల్‌ని 50 సెంటీమీటర్లకి తెచ్చుకోండి. ఉపగ్రహ చిత్రాల్ని కంప్యూటర్ చేత చదివించే 2018 డీప్‌గ్లోబ్ పోటీకి ఇచ్చిన రోడ్ల చిత్రాలు ఈ కొలతలోనే ఉన్నాయి, వాటిలో మన దేశానివీ ఉన్నాయి. వాటి మీద నేర్చిన, చిత్రంలో రోడ్డు ఎక్కడుందో గుర్తుపట్టే డి-లింక్‌నెట్ లాంటి మోడల్‌తో మొదలుపెడితే సగం పని తగ్గుతుంది.

మిగతా సగం మీ ఊరిది. మోడల్‌కి నేర్పడానికి, క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో దారి నడిమి గీత గీసి, దానికి వెడల్పు ఇవ్వండి. చింతచెట్ల కింద, జీడితోటల అంచున దారి కనబడదు. అక్కడ గీత ఆపకండి. మనం ఆపితే మోడల్ కూడా చెట్టు దగ్గర ఆగడం నేర్చుకుంటుంది. నేను మూడు ఊళ్లు నేర్పడానికి వాడి, నాలుగో ఊరిని పరీక్షకి పూర్తిగా విడిగా పెట్టాను. ఒకే ఊరి చిత్రం ముక్కల్ని నేర్పడానికీ పరీక్షకీ పంచితే మోడల్‌కి మార్కులు బాగా వస్తాయి, కానీ అవి నమ్మదగ్గవి కావు.

నాకు ఎక్కువ రోజులు పట్టింది గెడ్డలతోనే. వేసవిలో ఇసుక గెడ్డ, మట్టిరోడ్డు, వరి కళ్లం పై నుంచి ఒకేలా ఉంటాయి. రోడ్డు లేని ఇలాంటి ముక్కల్ని బోలెడు చూపించాను. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ ఇచ్చే ఎత్తుల చిత్రాన్ని, ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కన నాలుగో రంగుగా కలిపాను. గెడ్డ పక్క నేలకంటే కిందికి ఉంటుంది కదా, ఆ తేడా మోడల్‌కి అందింది. వీలైతే వానలు వెళ్లాక, గెడ్డలో ఇంకా నీళ్లున్నప్పుడే ఎగరేయండి.

మోడల్ ఇచ్చేది రోడ్ల ఆకారంలో తెల్లటి మచ్చలే. సైకిట్-ఇమేజ్ అనే పైథాన్ లైబ్రరీలోని స్కెలెటనైజ్ వాటిని సన్నటి గీతలు చేస్తుంది. పక్కకి పొడుచుకొచ్చిన 10 మీటర్ల లోపు ముక్కల్ని తీసేయండి. ఎదురెదురుగా, ఒకే దిశలో, 20 మీటర్ల లోపు దూరంలో ఆగిపోయిన కొసల్ని కలపండి. ఆ ఖాళీలో గెడ్డ ఉంటే మాత్రం చూడకుండా కలపొద్దు.

ఎన్ని పిక్సెళ్లు సరిగ్గా వచ్చాయనే మార్కులు చూసి సంతోషపడకండి. గీత 5 మీటర్ల మేర తెగిపోయినా ఆ లెక్కలో కనిపించదు, కానీ అంబులెన్స్‌కి దారి చూపేటప్పుడు రోడ్డు అక్కడితో అయిపోయినట్టే. ఉపగ్రహ చిత్రాల మీద జరిగిన స్పేస్‌నెట్ పోటీలో వాడిన ఏపీఎల్ఎస్ కొలత చూడండి. అది రెండు చోట్ల మధ్య ప్రయాణ దూరం అసలు మ్యాప్‌లోనూ మనదాంట్లోనూ ఒకటేనా అని చూస్తుంది.

తర్వాత బండి మీద వెళ్లి చూడాల్సిందే. నేను జీపీఎస్ ఆన్ చేసుకుని, అనుమానం ఉన్న ప్రతి చోటా ఆగి, పొలంలో ఉన్న పెద్దవాళ్లని అడిగాను: "మావా, వానాకాలంలో ఇటు కారు దాటుతుందా?" వాళ్లు కాదన్న రెండు గీతలు తీసేశాను. మిగిలినవాటిని, ఎవరైనా దిద్దగల ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఒక్కసారిగా కుమ్మరించకుండా, ఒక్కొక్కటీ కళ్లతో చూసి ఎక్కించాను. కల్వర్టు లేకుండా గెడ్డ దాటే ప్రతి చోటా, నీళ్లలోంచి దాటాలని తెలిపే 'ఫోర్డ్' గుర్తు పెట్టాను. వదిన కారు దిగబడిన చోట ఇప్పుడు రోడ్డు గీత లేదు, వాగు గీత ఉంది.