క్రిటిక్‌ల నోట్స్ చదివి బోర్డో వైన్ కొనడం ఎలా?

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు మంచి రెడ్ వైన్ కొందామని ఏ షాపు లిస్టు తెరిచినా, కళ్లు ముందు అంకె మీదికే పోతాయి: 94, 96, 98. దాని పక్కన నాలుగైదు వాక్యాల టేస్టింగ్ నోట్ ఉంటుంది. చాలామంది అంకె చూసి కొనేస్తారు. కానీ ఆ వైన్ మీకు నచ్చుతుందా, ఇప్పుడే తాగొచ్చా, పదేళ్లు ఆగాలా అన్నది తెలిసేది నోట్‌లోనే. ఆ నోట్‌ని నమ్మి డబ్బు పెట్టాలంటే, రాసినవాళ్ల నాలుక ఎలాంటిదో ముందు తెలియాలి. అందుకే వైన్‌ని వెతికే ముందు మీకు సరిపడే క్రిటిక్‌ని వెతకమంటాను.

1. ఎవరి రుచి ఏమిటో తెలుసుకోండి

అమెరికాకు చెందిన రాబర్ట్ పార్కర్ 1978లో వైన్ అడ్వకేట్ పత్రిక మొదలుపెట్టి, వందకు మార్కులు వేసే పద్ధతిని లోకానికి అలవాటు చేశారు. ఆ లెక్క 50 దగ్గర మొదలవుతుంది కాబట్టి అందులో 85 అంటే గొప్ప మార్కేమీ కాదు. 1982 బోర్డో వైన్లను అందరికంటే గట్టిగా మెచ్చుకోవడంతో ఆయన పేరు మారుమోగింది. బాగా పండిన ద్రాక్షతో చేసిన చిక్కటి వైన్లంటే ఆయనకు ఇష్టం. ఇంగ్లండ్‌కు చెందిన జాన్సిస్ రాబిన్సన్ 20కి మార్కులు వేస్తారు. ఆవిడ ఎక్కువగా తాజాదనం, సమతూకం చూస్తారు.

2003 వేసవిలో ఫ్రాన్స్ ఎండలకు అల్లాడిపోయింది. ఆ ఏడాది బోర్డోలోని సెయింట్ ఎమిలియన్‌లో షాటో పావీ (షాటో అంటే సొంత తోట ఉన్న వైన్ ఎస్టేట్) చేసిన వైన్‌ని పార్కర్ ఆకాశానికెత్తారు. రాబిన్సన్ 20కి 12 ఇచ్చారు. దాని మీద పెద్ద వాదనే నడిచింది. ఇద్దరూ తాగింది ఒకే వైన్, ఇద్దరూ రాసింది తమకు తోచిన నిజమే. కొనేవాళ్లు అడగాల్సిందల్లా, తమ నాలుక ఎవరి వైపు ఉందనే.

పార్కర్ 2019లో రిటైరయ్యారు. ఇప్పుడు బోర్డో మీద రాసేవాళ్లలో వైన్ అడ్వకేట్‌లో విలియం కెల్లీ, వైనస్ (Vinous) అనే వెబ్‌సైట్‌లో నీల్ మార్టిన్, ఆంటోనియో గలోని, సొంతంగా రాసే జేన్ ఆన్సన్ ముఖ్యులు. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బర్గండీ వైపు మనసు పోతే అలెన్ మెడోస్‌ని చదవండి.

2. మీ నాలుకతో పోల్చి చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. జనం మానేసేది కూడా దీన్నే. ఖరీదైన సీసా జోలికి పోకముందే, మధ్యరకం ధరలో మంచి పేరున్న షాటోవి కొన్ని కొనండి. మూలి ఊరి పరిసరాల్లో చేసే షాస్ స్ప్లీన్, పూజో ఇందుకు బాగా పనికొస్తాయి. బాగా ఎండ కాసిన 2018ది ఒకటి, చల్లగా గడిచిన 2014ది ఒకటి తీసుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

నోట్ చదవకుండా ముందు తాగండి. వగరు ఎంత ఉంది, పులుపు ఎంత ఉంది, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, ఇంకో గ్లాసు తాగాలనిపించిందా అన్నవి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత అదే షాటో, అదే ఏడాది వైన్ మీద ఇద్దరు ముగ్గురు క్రిటిక్‌లు రాసింది తీసి చూడండి. మీరు రాసుకున్నదానికి ఎవరి మాటలు దగ్గరగా ఉన్నాయో కొన్ని సీసాలకే తేలిపోతుంది. ఎప్పుడూ మీకు ఎదురు రుచి చెప్పే క్రిటిక్ దొరికినా లాభమే. ఆయన పెదవి విరిచినవి మీరు ధైర్యంగా కొనొచ్చు.

పూర్తి నోట్స్‌కి చందా కట్టాల్సి ఉంటుంది. ఒక పెట్టె వైన్ కొనే ఆలోచన ఉంటే ఆ ఖర్చుకు వెనకాడొద్దు. షాపువాళ్లు వచ్చిన మార్కుల్లో పెద్దది ఏరి పెడతారు, మిగతావి చూపించరు.

3. నోట్‌లో ఏం చూడాలి

బ్లాక్‌కరెంట్, దేవదారు చెక్క, పెన్సిల్ పొట్టు, పొగాకు లాంటి వాసనల జాబితా మీద ఎక్కువసేపు ఆగకండి. వగరు గురించి ఏమన్నారో చూడండి. పచ్చి అరటికాయ కొరికినట్టు నోరు పట్టేసే టానిన్ (వగరునిచ్చే పదార్థం) అయితే ఆ సీసా కొన్నేళ్లు ఆగాలి. సిల్కీ అంటే ఇప్పటికే మెత్తబడిందని. ఫ్రెష్, క్లాసికల్ అని ఉంటే పులుపు బాగుండి భోజనంతో కలుస్తుంది. జామీ, ఆప్యులెంట్ అని ఉంటే పండు తీపి, ఆల్కహాల్ వేడి ముందుకొస్తాయి.

చివర్లో 2028–2045 అన్నట్టుగా తాగాల్సిన కాలం ఇస్తారు. మార్కుల కంటే నేను ముందు దాన్నే చూస్తాను. నోట్ ఎప్పుడు రాశారో ఆ తేదీ కూడా చూడండి. మార్కు 93–95 అని రెండంకెల మధ్య ఉంటే అది పీపాలోంచి తీసిన నమూనాకి ఇచ్చింది. బోర్డోలో కోత తర్వాతి వసంతంలోనే క్రిటిక్‌లు ఇలా రుచి చూస్తారు, షాటోలు ముందస్తు అమ్మకాలు తెరుస్తాయి. దీన్నే ఆన్ ప్రీమర్ అంటారు. సీసా చేతికి రావడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. తొందర లేకపోతే సీసాలో నింపాక రాసిన నోట్ కోసం ఆగండి.

4. ఏడాదిని, ధరను కలిపి చూడండి

2009, 2010 రెండూ గొప్ప ఏళ్లే. అయినా 2009 మెత్తగా, నిండుగా ఉంటే, 2010 వగరు, పులుపు గట్టిగా ఉన్న వైన్. ఒకే మార్కు ఉన్నా రెండూ ఒకటి కావు. 2017 ఏప్రిల్ మంచు చాలా తోటల్ని దెబ్బతీసింది. జిరోండ్ నదీముఖం ఒడ్డున ఉన్న మెడాక్ తోటలు కొన్ని తప్పించుకున్నాయి. అలాంటి ఏడాది విషయంలో షాటోవారీగా నోట్ చదవక తప్పదు.

ధర దగ్గర బోర్డో షాటోలకు 1855లో చేసిన వర్గీకరణను చూసి మోసపోవద్దు. అది అప్పటి ధరల మీద చేసిన ఐదు అంతస్తుల పట్టిక. 1973లో షాటో ముతోన్ రోత్‌షిల్డ్‌ని మొదటి అంతస్తుకు తెచ్చింది తప్ప పెద్దగా మారలేదు. ఐదో అంతస్తులో ఉన్న లాంష్ బాజ్ ఇవాళ రెండో అంతస్తులోని చాలావాటికంటే ఎక్కువ పలుకుతుంది. మీ క్రిటిక్ దగ్గరదగ్గర మార్కులు ఇచ్చిన నాలుగు షాటోలు తీసుకుని, వైన్ ధరలు పోల్చి చూపే వైన్ సెర్చర్ సైట్‌లో వాటి ధరలు పక్కపక్కన పెట్టి చూడండి. సెయింట్ జూలియన్‌లోని లియోవిల్ బార్తోన్ ఈ పరీక్షలో తరచూ నెగ్గుతుంది. ఆన్ ప్రీమర్‌లో కొనేముందు, అదే షాటోవి ఇప్పటికే సీసాల్లోకి వచ్చిన మంచి ఏళ్ల ధరలు కూడా చూడండి. పాతదే చవకగా దొరికితే ముందస్తుగా డబ్బు కట్టడంలో అర్థం లేదు. పైగా ఆన్ ప్రీమర్ ధరలో పన్నులు, రవాణా కలిసి ఉండవు.

5. సీసా ఎక్కడ నిలవ ఉందో అడగండి

నోట్ రాసింది చక్కగా దాచిన సీసా గురించి. 12–13 డిగ్రీల చల్లదనంలో, పడుకోబెట్టి, వెలుతురు తగలకుండా ఉంచారా అని అడగండి. పాత సీసా అయితే మెడ దగ్గర వైన్ మట్టం ఫొటో పంపమనండి. మట్టం భుజం కిందికి దిగితే మానేయండి. బాగా అరుదైన పాతవి వేలంలో కొనకపోవడమే మేలు. రూడీ కుర్నియవాన్ అనే వ్యక్తి నకిలీ బర్గండీ, బోర్డో సీసాలతో ఏళ్ల తరబడి సంపన్నులను మోసగించి, 2014లో అమెరికాలో పదేళ్ల జైలుశిక్ష పొందాడు.

లండన్ నుంచో డాలస్ నుంచో హైదరాబాద్, విజయవాడ వచ్చేవాళ్లకు కస్టమ్స్ పన్ను లేకుండా 2 లీటర్ల వరకు అనుమతి ఉంది, అంటే 750 మిల్లీలీటర్లవి రెండు సీసాలు. తాగాల్సిన కాలం ఇప్పటికే మొదలైనవే ఆ రెండూ అయ్యేలా ఎంచుకోండి. మన వేసవిలో మామూలు అల్మారాలో పెట్టిన బోర్డో ఏడాది తిరక్కుండానే పాడవుతుంది. ఇరవై ఏళ్లు ఉంచాల్సిన 2010లు, 2016లు కొంటే, మీరున్న ఊళ్లో వైన్ గోదాములో అద్దెకు పెట్టి రండి.