సన్న కంకరలో పెద్ద రాళ్లు: రబ్బరు ప్యానెళ్ల జల్లెడలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం

కంకరను పరిమాణాల వారీగా వేరుచేసే, అదిరే జల్లెడ సరిగ్గా పనిచేయడం లేదనగానే అందరూ డెక్కు, అంటే రబ్బరు ప్యానెళ్లు పరిచిన తలం మీదికెక్కి పై నుంచి చూస్తారు. పై నుంచి రబ్బరు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. లోపం కనిపించేది కింది నుంచే. ముందు మోటారు ఆపి, స్విచ్‌కు తాళం వేసి, ఆ చెవి మీ దగ్గరే పెట్టుకోండి. తర్వాత డెక్కు కింద నిలబడి పైకి చూడండి. కంత కంతకూ వెలుతురు కనిపించాలి. రెండు ప్యానెళ్లు కలిసే అతుకు మాత్రం పూర్తిగా చీకటిగా ఉండాలి. అక్కడ సన్నటి వెలుగు గీత కనిపిస్తే మీ సమస్యలో సగం దొరికినట్టే. ఐదు నిమిషాల ఈ పని మానేసి కొత్త ప్యానెళ్లకు ఆర్డరు పెట్టేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సమస్య: సన్న కంకరలో పెద్ద రాళ్లు కలుస్తున్నాయి

జల్లెడ జోలికి వెళ్లకముందే కుప్ప దగ్గరికి వెళ్లండి. ఉండకూడని రాళ్లను దోసెడు ఏరి కొలవండి. కారణమేమిటో ఆ రాళ్లే చెబుతాయి.

12 మి.మీ. కంకరలో 14, 15 మి.మీ. రాళ్లు వస్తుంటే కంతలు అరిగాయని అర్థం. రాయి ఇరుక్కోకుండా జారిపోవాలని రబ్బరు ప్యానెల్ కంతను కిందికి పోయేకొద్దీ వెడల్పుగా చేస్తారు. అందువల్ల పై పొర అరిగేకొద్దీ కంత పెద్దదవుతుంది. క్యాలిపర్‌తో కొలిచి, హద్దు దాటిన ప్యానెళ్లను మాత్రమే మార్చండి. డెక్కంతా ఒకేలా అరగదు కాబట్టే దీన్ని ముక్కలుగా చేశారు. అంతా ఒకేసారి మార్చడం వృథా.

40 మి.మీ. రాళ్లు, అవి కూడా మూడువైపులా సమానంగా ఉన్నవి వస్తుంటే ఎక్కడో ప్యానెల్ ఊడిపోయి ఉంటుంది, లేదా కంతల మధ్య వంతెన తెగి రెండు కంతలు ఒకటై ఉంటాయి. చూడగానే తెలుస్తుంది, మార్చేయండి.

ఏరిన రాళ్లు పలకల్లా ఉంటే, అంటే పొడవు 40, 50 మి.మీ. ఉన్నా మందం మాత్రం అన్నిటికీ ఇంచుమించు ఒకేలా ఉంటే, అవి కంతల్లోంచి రాలేదు. అతుకుల్లోంచి దూరి వచ్చాయి. అసలు కథ ఇక్కడే ఉంది.

కనిపించని కారణం: పట్టీ మీద గట్టిపడిన పొడి

పిన్నుతో బిగించే రకంలో ప్యానెల్ అంచు ఇనుప పట్టీ మీద కూర్చుంటుంది. పక్కపక్క ప్యానెళ్ల అంచుల్లోని రెండు అర్ధచంద్రాకారపు కాళ్లు కలిసి పట్టీలోని రంధ్రంలోకి దిగుతాయి. మధ్యలో కొట్టిన పిన్ను ఆ కాళ్లను విప్పార్చి, పట్టీ కింది అంచును గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. ఆ కాళ్లు పూర్తిగా కిందికి దిగితేనే ఆ పట్టు వస్తుంది.

పాత ప్యానెల్ తీయగానే చుట్టుపక్కల ఉన్న పొడి పట్టీ మీద పడుతుంది. చేత్తో ఒకసారి తుడిచి కొత్తది పెట్టేస్తారు. చేయి తీసేది పై పొడిని మాత్రమే. తడిసి, ఎండి, ఇనుముకు అంటుకుపోయిన పొర అలాగే ఉండిపోతుంది. అది రెండు మూడు మి.మీ. మందం ఉన్నా చాలు, ప్యానెల్ ఒక మూల పైకి లేచి ఉంటుంది. రబ్బరు వంగుతుంది కాబట్టి సుత్తితో కొడితే చదునుగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. పిన్ను కూడా దిగుతుంది. కానీ కాళ్లు పట్టీ కిందికి చేరవు.

యంత్రం నిమిషానికి 800, 900 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ మూల ప్రతి చుట్టుకూ లేచి పడుతుంది. లేచిన ప్రతిసారీ అతుకు తెరుచుకుంటుంది. పలక రాళ్లు దూరిపోతాయి, కొంత పొడి కూడా చేరి పొర ఇంకా మందమవుతుంది. రబ్బరుకూ ఇనుముకూ మధ్య నలిగే ఆ పొడి పట్టీ అంచునూ రంధ్రాన్నీ ఆకురాయిలా అరగదీస్తుంది. ఆపి పై నుంచి చూస్తే ఇదేమీ కనిపించదు. ప్యానెల్ తన చోట తానుంటుంది.

కొన్నాళ్లకు అది ఊడిపోతుంది. కొత్తది పెడతారు. అరిగిన రంధ్రంలో అది ఇంకా తొందరగా ఊడుతుంది. అప్పుడు నింద సరుకు అమ్మినవాళ్ల మీదికి పోతుంది. ఒకే చోట రెండోసారి ప్యానెల్ ఊడితే దాన్ని అనుమానించడం మానేసి, కింద ఉన్న పట్టీని చూడండి.

పరిష్కారం ఇలా చేయండి. ఊడినదాన్ని ఒక్కదాన్నే మార్చవద్దు. కాళ్లు పక్క ప్యానెళ్లతో జతకట్టి పనిచేస్తాయి కనుక చుట్టూ ఉన్నవాటినీ విప్పండి. పట్టీ పైభాగాన్నీ రెండు పక్కలనూ ఇనుము మెరిసేదాకా గీకుడు ఉలితోనూ తీగ బ్రష్షుతోనూ శుభ్రం చేయండి. రంధ్రాల్లో బిగుసుకున్న పొడిని కింది నుంచి పొడిచి తీయండి. ఆపైన వంకర లేని ఒక బద్దను పట్టీలకు అడ్డంగా పెట్టి, అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడండి.

ప్యానెల్‌ను కూర్చోబెట్టి పిన్ను పెట్టేటప్పుడు చేతికి ఏమి తెలుస్తుందో గమనించండి. కొత్త పిన్ను సుత్తి దెబ్బలకు మొరాయిస్తూ దిగాలి. వేళ్లతో నొక్కితేనే చివరిదాకా జారిపోతే రంధ్రం అరిగిపోయినట్టు. ఎంత మంచి ప్యానెల్ తెచ్చినా అక్కడ నిలవదు, పట్టీ మార్చాల్సిందే. పాత పిన్నులను మళ్లీ వాడవద్దు. జారడానికి సబ్బునీళ్లు చాలు. గ్రీజు రాయకండి, అది రబ్బరును ఉబ్బిస్తుంది, పట్టునూ పోగొడుతుంది. వెల్డింగు తప్పదనుకుంటే ముందు రబ్బరంతా తీసేసి, నీళ్లు సిద్ధం చేసుకోండి. రబ్బరుకు మంట అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. యంత్రం పక్కపలకల మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెల్డింగు చేయవద్దు, అక్కడి నుంచే పగుళ్లు మొదలవుతాయి.

ఒక షిఫ్టు నడిచాక ఆపి, పిన్నులన్నీ ఇంకోసారి కొట్టి, కింది నుంచి లైటుతో అతుకులు మళ్లీ చూడండి.

సమస్య: పొడి, సన్న కంకర పై రాళ్లతోపాటే వెళ్లిపోతున్నాయి

తీగ జాలీ తీసి రబ్బరు వేసిన కొత్తలోనే ఇది మొదలైతే, ముందు స్ట్రోకు, అంటే ఒక్కో చుట్టుకు డెక్కు ఊగే దూరం కొలవండి. రబ్బరు డెక్కు బరువెక్కువ. బరువు పెరిగితే, జల్లెడను ఊపే అవే తూకపు దిమ్మెలతో స్ట్రోకు తగ్గుతుంది. వలయాలూ వాటి కొలతలూ ముద్రించిన స్ట్రోకు కార్డును పక్కపలకకు అంటించి, యంత్రం నడుస్తుండగా చూడండి. ఊపుకు ఒక్కో వలయం రెండుగా కనిపిస్తుంది. జంట వలయాలు సరిగ్గా ఒకదానికొకటి ఆనుకున్న చోట రాసి ఉన్నదే మీ స్ట్రోకు. దాన్ని మి.మీ.లో తీసుకుని, నిమిషానికి చుట్ల సంఖ్య వర్గంతో గుణించి, 17.9 లక్షలతో భాగిస్తే ఎన్ని జీలో, అంటే ఊపు త్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. 8 మి.మీ., 900 చుట్లు అయితే సుమారు 3.6. ఏటవాలు జల్లెడకు 3.5 కంటే తక్కువ వస్తే దిమ్మెలు సరిచేయండి. దాంతోపాటే బెల్టు జారుతోందేమో కూడా చూడండి.

అది సరిగ్గా ఉంటే కంకర డెక్కు దాటి బయటికి దిగే చివర రాళ్ల పొర మందం చూడండి. కంత పరిమాణానికి నాలుగు రెట్లు దాటితే మీరు ఎక్కువ పోస్తున్నారు. రాయి ఒక పక్కకే పడుతున్నా ఇదే ఫలితం. ఇంకొక మాట, రబ్బరు మందం వల్ల ఒకే కొలత కంత జాలీలో కంటే కొంచెం సన్న రాళ్లనే కిందికి వదులుతుంది. జాలీలో వాడిన కొలతనే రబ్బరులోనూ అడిగితే కంకర సన్నగానే వస్తుంది, కొద్దిగా పెద్దది తీసుకోవాలి.

తడి బంకమట్టి కంతలను మూసేస్తుంటే మెత్తటి రబ్బరు వేయండి. మామూలు ప్యానెల్ గట్టిదనం 60 షోర్ (రబ్బరు గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటే, మెత్తటిది 40 దగ్గర ఉంటుంది. అది తనంతట తాను అదురుతూ మట్టిని దులిపేస్తుంది. అయితే మీద పెద్ద రాళ్లు పడే చోట వేస్తే త్వరగా చిరుగుతుంది.

సమస్య: కంతల్లో రాళ్లు ఇరుక్కుంటున్నాయి

కంత కొలతకు దగ్గరగా ఉన్న రాళ్లు ఎక్కువైతే ఇది తప్పదు. స్ట్రోకు పెంచి, చుట్లు కొంచెం తగ్గించండి. గడ్డపారతో పొడిచి తీయకండి, కంత అంచు చిరిగితే ఆ ప్యానెల్ పని అయిపోయినట్టే.

సమస్య: రాయి పడే చివర ప్యానెళ్లు త్వరగా చిరుగుతున్నాయి

రాయి ఎత్తు నుంచి నేరుగా రబ్బరు మీద పడుతోంది. ఆ ఎత్తు తగ్గించండి, మొదటి వరుసలో కంతల్లేని మందపాటి ప్యానెళ్లు వేయండి.

మిగతావి అరుదు. హైడ్రాలిక్ గొట్టం కారి నూనె పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ముందు గొట్టం బాగుచేసి తర్వాత ప్యానెల్ మార్చండి. ఒక స్ప్రింగు విరిగితే డెక్కు ఒక మూల వేరుగా ఊగుతుంది, స్ట్రోకు కార్డు నాలుగు మూలలా అంటిస్తే తేడా తెలుస్తుంది. అతుకులన్నీ చీకటిగా ఉన్నా పలక రాళ్లు వస్తూనే ఉంటే, పక్కపలకల వెంబడి ప్యానెళ్లను నొక్కిపెట్టే అంచు పట్టీలు వదులై ఉంటాయి. బోల్టులు బిగించి, పక్కపలకకూ రబ్బరుకూ మధ్య సందు పూర్తిగా మూసుకుందని కింది నుంచి చూశాకే యంత్రం నడపండి.