టర్బో కారు పనులు – నాలుగో పాఠం: పెద్ద ఇంటర్‌కూలర్‌కు ముందు బంపరు కోత

టర్బో నొక్కి వేడెక్కించిన గాలిని ఇంజనుకు చేరేలోగా చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. పెద్దది పెడితే ముందు బంపరు వెనుక పట్టకపోవచ్చు, అందుకే ఈ కోత. గత పాఠం ముగిసేసరికి కొత్త ఇంటర్‌కూలర్‌ను దాని బ్రాకెట్లపై నిలబెట్టాం. ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఆ బోల్టులన్నీ పూర్తిగా బిగించి, కోర్, అంటే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దిమ్మె, అటూ ఇటూ కదలడం లేదని చూసుకోండి. కోర్ చివరి స్థానం తేలకముందే బంపరును కోస్తే ఆ కోత దేనికి కొలతో చెప్పలేం. విజయవాడ ఆటోనగర్‌లో పాత బంపర్లు అమ్మే కొట్ల ముందు గుట్టలుగా పడి ఉండే సరుకును ఓపికగా తిరగేస్తే, అవసరానికి మించి కోసినందువల్ల పనికిరాకుండా పోయినవి కొన్నయినా కంటబడతాయి. నా అభిప్రాయంలో ఈ పనిలో నేర్పంతా రంపం చేతిలోకి రాకముందే ఖర్చవుతుంది.

మన ప్రాంతపు ఎండలో పెద్ద ఇంటర్‌కూలర్ ఎందుకు కావాలో రెండో పాఠంలో లెక్క వేసి చూపాను. బంపరు కోతకూ ఆ లెక్కతో సంబంధం ఉంది కనుక క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మే నెలలో బయటి గాలి 42 డిగ్రీలు ఉన్నప్పుడు టర్బో దాన్ని ఒక బార్ బూస్టుకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి పైన దాదాపు మరో అంత ఒత్తిడికి నొక్కితే, టర్బోలోని కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికి వచ్చే గాలి సుమారు 140 డిగ్రీలకు చేరుతుంది. పెరిగిన వేడిలో 70 శాతాన్ని ఇంటర్‌కూలర్ తీసివేయగలిగితే ఇంజనుకు అందే గాలి సుమారు 72 డిగ్రీలు ఉంటుంది. అంటే ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లే గొట్టం ఒక వేడిలో, బయటికి వచ్చే గొట్టం మరో వేడిలో ఉంటాయి. బంపరు ప్లాస్టిక్ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అయితే అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. అందువల్ల రెండు వైపులా ఒకే ఖాళీ వదిలితే సరిపోదు. వేడి గొట్టం వైపు ఎక్కువ వదలాలి.

ఇప్పుడు బంపరు విప్పుదాం. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగులకు సంబంధించిన సెన్సార్లు చాలా కార్లలో ముందు భాగంలోనే, రేడియేటర్ చట్రం దగ్గర ఉంటాయి. వాటి కనెక్టర్లను బ్యాటరీ కలిపి ఉండగా కదిలించకూడదు. పై వరుస క్లిప్పులు, చక్రాల లైనర్‌లోని స్క్రూలు, కింది రేకు బోల్టులు తీశాక మూలల దగ్గర బంపరును బయటికి లాగితే పక్క బ్రాకెట్ల నుంచి ఊడివస్తుంది. ఆ సమయంలో రెండో వైపు మరొకరు పట్టుకోవాలి. ఫాగ్ ల్యాంపుల తీగలు ఇంకా లోపల తగిలి ఉంటాయని మరవకండి. విప్పిన బంపరును రంగు వైపు కిందికి వచ్చేలా పాత దుప్పటిపై పడుకోబెట్టండి.

లోపలి వైపు చూస్తే ఎక్కడో ఒకచోట పదార్థం పేరు అచ్చుపోసి ఉంటుంది. కంపెనీ బంపర్లలో ఎక్కువ భాగం పీపీ (పాలీప్రొపిలీన్), ఈపీడీఎం అనే రబ్బరు కలిపిన ప్లాస్టిక్‌తోనే తయారవుతాయి. బయట కొన్న ఫైబర్ బంపరు అయితే ఈ పాఠంలోని కోత పద్ధతి వర్తించదు. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, అంచులు పెచ్చులుగా లేస్తాయి. దాని గురించి విడిగా రాస్తాను.

బంపరు అని మనం పిలిచేది నిజానికి మూడు పొరల అమరిక. బయట కనిపించేది తొడుగు మాత్రమే. దాని వెనుక నురుగు దిమ్మె, ఆ వెనుక ఛాసిస్ కొసలకు బోల్టులతో బిగించిన ఇనుప లేదా అల్యూమినియం బీమ్ ఉంటాయి. తొడుగును కోయవచ్చు. నురుగును కోస్తే, ఎదురుగా ఏదైనా తగిలినప్పుడు, ముఖ్యంగా పాదచారి కాలికి తగిలినప్పుడు, దెబ్బను మెత్తబరిచే శక్తి తగ్గుతుంది. కనుక దాన్ని ముట్టుకోకుండా పని జరిగే మార్గాన్నే ముందు వెతకాలి. బీమ్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ కోయకూడదు. కోర్ పట్టకపోతే బీమ్‌లో గాటు పెట్టిస్తామని ఎవరైనా చెబితే ఆ మాట వినకుండా, ఎత్తు తక్కువగా ఉన్న కోర్‌కు మారండి. ఇక చట్టం సంగతి: 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదు. మీరు చేయబోయే మార్పు ఆ పరిధిలోకి వస్తుందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడగండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఎక్కడ కోయాలో కనుగొనడం ఈ పాఠానికి గుండెకాయ. ఇంజను పనివారు వాల్వు సీటింగు సరిచూడడానికి వాడే నీలం పేస్టు కొద్దిగా తీసుకుని ఇంటర్‌కూలర్ ట్యాంకుల (కోర్ రెండు చివర్లలోని పెట్టెల) ముందు అంచులకు, కోర్ కింది పట్టీకి, గొట్టాల వంపులకు పలుచగా పూయండి. కోర్‌లోని పలుచని రేకులైన ఫిన్లకు మాత్రం అంటనివ్వకండి. తర్వాత బంపరును తెచ్చి, మూలల బ్రాకెట్లలో ముందుగా కూర్చోబెట్టి, పై క్లిప్పుల వరుస తన చోటికి చేరే వరకు నెమ్మదిగా నొక్కండి. మూలలు కూర్చోకుండా నొక్కితే తొడుగు వంగి, తగలని చోట కూడా తగిలినట్టు గుర్తు పడుతుంది. బంపరు ఎక్కడో ఆగిపోతే బలవంతం చేయవద్దు. మళ్లీ విప్పి లోపల చూస్తే నీలం మచ్చలు కనిపిస్తాయి. చాలా కార్లలో ఈ మచ్చలు పడేది బయటికి కనిపించే ముఖం వెనుక కాదు, కింది జాలీ వెనుక బలం కోసం నిలువుగా, అడ్డంగా పోసిన రిబ్బుల (పట్టీల) మీద, ఫాగ్ ల్యాంపు గిన్నెల వెనుక. అంటే మొదటి కోత బయట నుంచి ఎవరికీ కనిపించదు. ఆ రిబ్బులను కొద్దికొద్దిగా తీసి, మళ్లీ నీలం పూసి, మళ్లీ అమర్చి చూస్తే కొన్ని కార్లలో పని అక్కడితో పూర్తవుతుంది. ముఖాన్ని కోయాల్సిన అవసరమే రాదు.

ముఖం కోయక తప్పదని తేలితే ముందు నంబరు ప్లేటు చూడండి. హై సెక్యూరిటీ ప్లేటు వెడల్పు 500 మిల్లీమీటర్లు, ఎత్తు 120 మిల్లీమీటర్లు. దాన్ని బిగించిన లాకులు ఒకసారి తీస్తే తిరిగి పనికిరావు. కోత గీత ప్లేటు ఆధారాన్ని తాకకుండా ఉండాలి. ఆ తర్వాత అట్టతో కోర్ ముఖం ఆకారంలో ఒక నమూనా కత్తిరించుకుని, బంపరు వంపుకు అనుగుణంగా దాన్ని సరిచేసి, మాస్కింగ్ టేపు మీద గీత గీయండి. ఇంటర్‌కూలర్ కూడా బంపరులాగే బాడీకే బిగించి ఉంటుంది కాబట్టి వాటి మధ్య 10 మిల్లీమీటర్ల సందు చాలు. గొట్టాల సంగతి వేరు. అవి ఇంజనుతో కలిసి ఊగుతాయి కనుక 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, వేడి గొట్టం వైపు ఇంకొంచెం ఎక్కువే వదలండి.

కొలతలు తీసుకునే వేళ గురించి ఒక హెచ్చరిక. ఈ ప్లాస్టిక్ ఎండకు బాగా సాగుతుంది. మీటరు పొడవున్న ముక్క 40 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో మండిపోతున్న బంపరుపై గీసిన గీత తెల్లవారుజామున వేరే చోట ఉంటుంది. ఉదయం పూట, నీడలో, కారు రాత్రంతా ఆగి ఉన్నప్పుడే కొలవండి, కోత కూడా అప్పుడే పూర్తి చేయండి.

కోతకు యాంగిల్ గ్రైండర్ వద్దు. దాని వేగానికి ప్లాస్టిక్ తెగే బదులు కరిగి, బ్లేడు వెనుకే ముద్దగా అతుక్కుంటుంది. గీత మూలలన్నింటిలో మొదట 8 లేదా 10 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో రంధ్రాలు వేయండి. చతురస్రంగా తెగిన మూల నుంచే పగులు బయలుదేరుతుంది, గుండ్రని మూల దాన్ని ఆపుతుంది. తర్వాత అంగుళానికి 18 పళ్లున్న రంపం బ్లేడును ఒక కొసకు గుడ్డ చుట్టి పట్టుకుని, గీతకు 3 మిల్లీమీటర్లు లోపలి పక్కన, అంటే తీసివేసే వైపున, నెమ్మదిగా కోయండి. తక్కువ వేగంలో తిరిగే చిన్న రోటరీ మిషన్ ఉంటే అదీ పనికివస్తుంది. మిగిలిన 3 మిల్లీమీటర్లను ఆకురాయితో గీత దాకా తేవాలి. అంచు మీద వేలు ఆనించి నడిపితే ఎక్కడ మిగిలిందో కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది. చివరగా పదునైన చాకును అంచుకు నిలువుగా పట్టి గీకి, 120, ఆపైన 240 నంబరు ఎమ్రీ పేపరుతో రుద్దండి. అంచులో మిగిలిన గీతలు కూడా రేపటి పగుళ్లే అవుతాయి. ఆ తర్వాత రబ్బరు బీడింగు తొడిగితే చేతికి గుచ్చుకోదు, చూపుకూ శుభ్రంగా ఉంటుంది.

పెద్ద భాగం తీసివేశాక బంపరు కింది పెదవి బలం కోల్పోయి, గుంటూరు దారిలో కాజా టోల్‌గేటు దాటాక వేగం పెరిగిన కొద్దీ వణకడం మొదలవుతుంది. లోపలి వైపు 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం పట్టీని వంచి, పెద్ద వాషర్లతో బిగించండి. పట్టీ రంధ్రాలను గుండ్రంగా కాక పొడవుగా చేయాలి. లేకపోతే ఎండకు బాగా సాగే ప్లాస్టిక్, అంతగా సాగని లోహం ఒకదానితో ఒకటి పెనుగులాడి బోల్టు చుట్టూ పగుళ్లు వస్తాయి.

బంపరులో గాలి ద్వారం ఎంత పెద్దగా కోశామన్నదానికంటే, అందులోకి వచ్చిన గాలి అంతా కోర్ గుండానే పోతుందా అన్నది ముఖ్యం. గాలి సులువైన దారినే వెతుక్కుంటుంది. కోర్ చుట్టూ ఉన్న సందుల్ని పలుచని రేకుతో, గాలి చొరబడని నురుగుతో మూసి, బంపరు ద్వారం నుంచి కోర్ అంచుదాకా ఒక పెట్టెలా కట్టాలి. ఇలా కడితే కోర్ కన్నా చిన్న ద్వారమే సరిపోతుంది, కోత కూడా తగ్గుతుంది. గుంటూరు దారిలో పత్తి బండ్ల వెనుక నడిచిన వారికి తెలిసిన దూది పోగులు, సాయంత్రపు పురుగులు ఫిన్లలో చిక్కకుండా ముందు ఒక తీగ జాలీ అమర్చండి. పెద్ద కోర్ ఏసీ కండెన్సర్‌కు, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే భాగానికి, అడ్డుగా నిలుస్తుంది కనుక, విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం తగ్గిందేమో గమనించాలి. తగ్గితే ఫ్యాను పని సరిగా ఉందో చూసుకున్నాకే ద్వారం సంగతి ఆలోచించండి.

కోసి తీసిన ముక్కల్ని దాచండి. పీపీ మీద రంగు నేరుగా నిలవదు, ముందు ప్లాస్టిక్ ప్రైమర్ వేయాలి. ఆ ప్రైమర్‌ను, రంగును ముక్క మీద వేసి, ఆరాక టేపు అంటించి లాగి చూస్తే అసలు అంచుకు వేయవచ్చో లేదో తేలిపోతుంది. బంపరును ప్రస్తుతానికి పై క్లిప్పుల్లో రెండింటితోనే వేలాడదీసి ఉంచండి. అయిదో పాఠంలో గొట్టాలు కలిపి, గాలి కారుతోందేమో పరీక్షించడానికి దాన్ని మళ్లీ విప్పాల్సి ఉంటుంది.