అమెరికాలో కొత్తగా దిగినవారికి: మొదటి ఏడాది అప్పుల సంగతి

బీసెంట్ రోడ్డులో సూట్‌కేసు ఎక్కడ కొనాలో, గోంగూర పచ్చడి కారకుండా ఎలా కట్టాలో చెప్పడానికి విజయవాడలో ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అక్కడికి వెళ్లాక చేతికి సులువుగా వచ్చే అప్పు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్లు డాలస్‌లో ఉండి పటమటకు తిరిగివచ్చాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తారో చెప్పే అంకె. ఇక్కడ సిబిల్‌లో మీకు ఎంత మంచి పేరున్నా అమెరికాలో సాధారణంగా లెక్కలోకి రాదు. 300 నుంచి 850 దాకా ఉండే అక్కడి స్కోరును ఇల్లు అద్దెకిచ్చేవారు కూడా చూస్తారు. మామూలు కార్డు దొరకకపోతే కొంత డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకోండి. కిరాణాకు, ఫోను బిల్లుకు వాడి, గడువులోగా బాకీ మొత్తం కట్టేయండి. కొంత బాకీ మిగిల్చి వడ్డీ కడితేనే స్కోరు పెరుగుతుందని రూమ్మేట్లు చెబుతారు. అది తప్పు, నమ్మకండి.

స్టేట్‌మెంటులో ‘మినిమం పేమెంట్’ అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది కడితే చాలనిపిస్తుంది. 3,000 డాలర్ల బాకీ మీద ఏడాదికి 24 శాతం అనుకోండి. అంటే మన లెక్కలో రెండు రూపాయల వడ్డీ. ఇక్కడ ఎవరైనా ఆ వడ్డీకి నోటు రాసి డబ్బు తెచ్చారంటే ఇంట్లో అన్నం సహించదు. అక్కడ కార్డు మీద అదే వడ్డీ మామూలు సంగతి. నెలకు 60 డాలర్లు వడ్డీకే పోతుంది. మినిమం 90 కడితే అసలులో తగ్గేది 30. మినిమమే కడుతూ పోతే ఎన్నేళ్లకు తీరుతుందో ఆ స్టేట్‌మెంటులోనే ఉంటుంది. 2009 నాటి అమెరికా చట్టం వల్ల కంపెనీలు దాన్ని చూపించాల్సిందే. ప్రతి నెలా ఆ వరుస చదవండి.

వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్లకు ఖాళీ గది కనబడకూడదని నేను మొదటి ఏడాదే సోఫా కొన్నాను. 1,800 డాలర్లు, పన్నెండు నెలలు వడ్డీ లేదన్నారు. గడువు నాటికి 200 మిగిలింది. ఆ 200 మీదే వడ్డీ పడుతుందనుకున్నాను. కొన్న రోజు నుంచి లెక్కగట్టి 270 డాలర్లు వేశారు. షరతుల కాగితంలో అది ముందే ఉంది. సోఫా చూసి అమ్మ మురిసిపోతుంటే ఆ సంగతి చెప్పలేకపోయాను.

ఇలా ఇంట్లోవాళ్ల కళ్ల కోసం అప్పు చేయడం కారు విషయంలో ఇంకా పెద్దదవుతుంది. షోరూములో తాళం చేత పట్టుకున్న ఫోటో రాత్రికల్లా పటమటకో బ్రాడీపేటకో చేరుతుంది. రైతు బజారులో కూర ఏరుతూనే “మీ అబ్బాయి కారు కొన్నాడటగా” అని అడుగుతారు. వారం తిరక్కుండా పెళ్లి సంబంధాల మధ్యవర్తి నోటికీ అది ఎక్కుతుంది. ఇంటి కాగితాలు మాత్రం చదువు అప్పు కింద బ్యాంకులోనే ఉంటాయి, నాన్న ప్రతి నెలా వడ్డీ కడుతూ ఉంటారు. 72 నెలల వాయిదా, దానికి తోడు అప్పిచ్చినవారు తప్పనిసరి చేసే పూర్తి ఇన్సూరెన్సు ఆ ఫోటోలో ఎవరికీ కనబడవు. ఊరివాళ్ల కళ్ల కోసం ఆ భారం ఎత్తుకోకండి. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే పాత కారు నమ్మకమైన మెకానిక్‌కు చూపించి కొనుక్కోండి. మిగిలింది చదువు అప్పుకు పంపండి.

స్నేహితుడి అప్పుకు కో-సైనర్‌గా సంతకం పెట్టమంటే వద్దనండి. అతను కట్టకపోతే మొత్తం మీరే కట్టాలి.

అమ్మానాన్నలకు కూడా ఒక మాట. ఆదివారం ఫోను చేసినప్పుడు కారు ఎప్పుడు కొంటావని అడగకండి. కార్డు మీద బాకీ ఎంత ఉందని అడగండి. నిజం చెబితే కోప్పడకుండా వినండి.