మాటల పుట్టుక, పాఠం 6: లివర్, యకృత్తు, జిగర్

పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక, ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. 'లివర్' పుట్టుక చెప్పమంటే చాలామంది 'లివ్' దగ్గరికి, కొందరు ఏకంగా 'డెలివర్', 'లివరీ' దగ్గరికి పరిగెత్తారు.

వినడానికి ఒకలా ఉన్నంత మాత్రాన మాటలు చుట్టాలైపోవండీ. డెలివర్, లివరీ రెండూ లాటిన్ 'లీబెరారె' (విడిపించు) సంతానం. ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి విడిపించడం కాస్తా అప్పగించడమైంది. యజమాని నౌకర్లకిచ్చే బట్టలు లివరీ. ఇందులో కాలేయం ఊసే లేదు. లివర్ జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ ఉన్న భాషాకుటుంబం) మాట: పాత ఇంగ్లీషులో లిఫర్, జర్మన్‌లో లేబర్. "బతకడాన్ని జర్మన్‌లో లేబెన్ అంటారు కదా, మరి?" అని ఒకరు అడిగారు. పోలిక ఉంది. అది అనుమానానికి చాలు, తీర్పుకి చాలదు. జిగురు, కొవ్వు అనే అర్థాలున్న ధాతువుతో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఇక 'బతికేవాడు' అనే అర్థమున్న లివర్ వేరే మాట. లివ్‌కి ప్రత్యయం తగిలిస్తే వచ్చింది, స్పెల్లింగ్ ఒకటే కావడంతో వచ్చింది తంటా.

చెవిని నమ్మకండి, ధ్వనుల వరస చూడండి. సంస్కృతంలో మాట మొదట 'య' ఉన్నచోట పారసీకంలో 'జ' ఉంటుంది: యువన్–జవాన్ (పడుచువాడు), యవ–జవ్ (బార్లీ). ఇప్పుడు సంస్కృతంలో కాలేయానికున్న యకృత్ పక్కన పారసీకంలో కాలేయమైన జిగర్ పెట్టండి. హైదరాబాదు జిగ్రీ దోస్త్‌లో ఉన్నది ఈ జిగరే.

గ్రీకులో కాలేయమైన హేపర్ (హెపటైటిస్‌లో ఉన్నది) మరీ దూరంగా కనిపిస్తుంది. కానీ లాటిన్‌లో 'లింక్వో', సంస్కృతంలో 'రిక్త' అనేచోట గ్రీకులో 'లెయ్‌పో' (మూడింటి మూలార్థం విడిచిపెట్టడమే). మనం రిక్తహస్తాలు అంటామే, ఆ రిక్త. 'క' ఉండాల్సిన చోట 'ప' వచ్చింది, హేపర్‌లోనూ అంతే.

వీటన్నిటికంటే నాకు విభక్తి మీదే గురి. యకృత్ షష్ఠిలో 'యక్నః' అవుతుంది. లాటిన్‌లో కాలేయమైన యెకుర్ 'యెకినోరిస్' అవుతుంది. రెండుచోట్లా ఎక్కడి నుంచో 'న' వచ్చి దూరింది. మాటలు అరువు తెచ్చుకుంటారు గానీ ఇలాంటి వంకరని ఎవరూ తెచ్చుకోరు, అంటే ఇవి ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలే.

అభ్యాసం: ఇటాలియన్ ఫెగాతో, స్పానిష్ ఈగాదో, రెండూ కాలేయమే గానీ యెకుర్ సంతానం కాదు. అంజూరపళ్లు మేపిన బాతుల కాలేయాన్ని రోమన్లు 'యెకుర్ ఫికాతుమ్' అనేవారు. అసలు మాట రాలిపోయి అంజూరం మిగిలింది. మరి స్పానిష్‌లో 'ఫ' ఏమైంది? అదే మార్పున్న ఇంకో మూడు స్పానిష్ మాటలు, లాటిన్ మూలాలతో సహా రాయండి. నిఘంటువు చూడొచ్చు, ఈ ఒక్కసారికి. 'ఫీలియుస్'తో మొదలుపెడితే తొందరగా తెములుతుంది.