ఊరి మైదానం, మీ కెమెరా – 4వ పాఠం: కబడ్డీ కోర్టు దగ్గర ఏ మూలన కూర్చోవాలి?

కిందటి పాఠంలో షట్టర్ వేగం గురించి చెప్పుకున్నాం. వీధిలో సైకిలు తొక్కే పిల్లల మీద సాధన చేసే ఉంటారు. ఇక బడి మైదానానికి వెళ్దాం. ముందుగా కబడ్డీ. గుంటూరు చుట్టుపక్కల ఏ ఉన్నత పాఠశాలలో చూసినా మిగతా ఆటలకు సామాను ఉంటుందో లేదో గాని, కబడ్డీకి కాస్త నేలా కాసింత సున్నమూ ఎప్పుడూ దొరుకుతాయి. కెమెరా పట్టిన కొత్తవాళ్ళకు ఇంతకంటే మంచి బడి లేదు. క్రికెట్‌లో ఆట జరిగే చోటు మీకు చాలా దూరం. కబడ్డీలో ఆటగాడి ఊపిరి కూడా మీకు వినిపిస్తుంది.

"ఏ లెన్స్ కొనాలి?" అనే ప్రశ్నను ఈ పాఠంలో పక్కన పెట్టండి. ఎక్కడ కూర్చోవాలో తెలియనివాడికి లక్ష రూపాయల లెన్స్ ఇచ్చినా ఆటగాళ్ళ వీపులే వస్తాయి.

కోర్టును ఒకసారి మనసులో గీసుకోండి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలది 12 మీటర్లు, 8 మీటర్లు. మధ్య గీత దాన్ని రెండు సగాలు చేస్తుంది. ఒక్కో జట్టుకు ఏడుగురు. కూతకు వెళ్ళినవాడికి 30 సెకన్ల గడువు. ఆ గడువులో అతని ముఖం రెండు దిక్కులకు తిరుగుతుంది. వెళ్ళేటప్పుడు ఎదుటి జట్టు వైపు చూస్తాడు. పట్టుబడ్డాక తన సగం వైపు తిరిగి, మధ్య గీతను అందుకోవడానికి చెయ్యి చాపుతాడు. నలుగురు మీద పడి లాగుతుంటే, గీతకు జానెడు దూరంలో వేళ్ళు నేలను గీకుతుంటాయి. మనకు కావలసిన బొమ్మ అదే. అది కనపడేది అతని సొంత సగం వైపు కూర్చున్నవారికి మాత్రమే.

అందుకే కోర్టుకు సరిగ్గా నడుమ, మధ్య గీతకు ఎదురుగా కూర్చోవద్దు. అందరూ అక్కడే చేరతారు. అక్కడినుంచి ఆటగాళ్ళంతా పక్కకు తిరిగినట్టే వస్తారు. ఒక చివరి మూలకు వెళ్ళండి. మీ వైపు జట్టు ఆటగాడు పట్టుబడి వెనక్కి పాకుతుంటే అతని ముఖం మీ వైపు ఉంటుంది. ఎదుటి జట్టువాడు కూతకు వస్తే అతనూ మీకు ఎదురుగానే వస్తాడు. విరామం తరువాత జట్లు సగాలు మార్చుకుంటాయి కాబట్టి మీరు కదలకపోయినా రెండు జట్లకూ న్యాయం జరుగుతుంది.

నాలుగు మూలల్లో ఏది? బడి పోటీలు ఎక్కువగా చలికాలపు సాయంత్రాల్లో జరుగుతాయి. మూడున్నర దాటాక సూర్యుడు నైరుతికి వాలి ఉంటాడు. కాబట్టి నైరుతి మూలన కూర్చుంటే వెలుగు మీ వీపు మీదుగా వెళ్ళి ఆటగాళ్ళ ముఖాల మీద పడుతుంది. వాస్తు పండితులు నైరుతిలో బరువు ఉండాలంటారు. మీ కెమెరా సంచీ అక్కడ పెట్టండి, ఇద్దరికీ సరిపోతుంది. పొద్దు బాగా వాలాక మీ నీడ మీ ఫ్రేములోకే వస్తుంది, అది చూసుకోండి. కాస్త చెయ్యి తిరిగాక దీనికి ఎదురు మూలకు వెళ్ళి, ఎదురు వెలుగులో లేచే ధూళిని పట్టే ప్రయత్నం చేయవచ్చు. మైదానం తడపకుండా ఆడించే బడుల్లో ఆ ధూళి బంగారంలా వెలుగుతుంది. అయితే అప్పుడు ముఖాలు నల్లబడతాయి. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా పట్టే వెలుగును, ఒక స్టాపు (రెట్టింపుకు) పెంచక తప్పదు.

గీతకు కనీసం రెండు మీటర్ల దూరం పాటించండి. పట్టులో చిక్కినవాళ్ళు గుంపుగా బయటికి దొర్లుతారు. అవుటైనవాళ్ళు కూర్చునే చోటు చివరి గీత వెనకే ఉంటుంది, దానికి అడ్డం రావద్దు. ఆట మొదలవకముందే అంపైరుకు నమస్కారం పెట్టి, ఆయన ఎటు తిరుగుతారో అడిగి తెలుసుకోండి. ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చోండి. కబడ్డీ ఆటగాడు వంగి ఆడతాడు. మీరు నిలబడి తీస్తే నడినెత్తులు వస్తాయి, కళ్ళు రావు.

ఇప్పుడు అంకెలు. పూర్తి ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 200, ఎపర్చర్ (లెన్స్ కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/5.6 పెడితే షట్టర్ 1/1600 సెకను దాకా వస్తుంది. అంటే కెమెరాతో పాటు వచ్చే 18–55 లెన్స్ కూడా పగటి ఆటకు చాలు. కబడ్డీకి 1/1000 మంచిది, 1/640 కన్నా దిగవద్దు. డిసెంబరులో మన దగ్గర ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. ఫైనల్ మాత్రం ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతుంది, ఎందుకంటే అతిథులు ఆలస్యంగా వస్తారు. వెలుగు తగ్గేకొద్దీ షట్టర్‌ను తగ్గించకుండా ఐఎస్‌ఓను 1600కు, 3200కు పెంచుకుంటూ వెళ్ళండి. బొమ్మలో గరుకుదనాన్ని పాఠకుడు క్షమిస్తాడు, అలికేసినట్టున్న ముఖాన్ని క్షమించడు. ఎఫ్/1.8 తెరుచుకునే 50 ఎంఎం లెన్స్ ఉంటే ఇప్పుడు బయటికి తీయండి. చిన్న సెన్సర్ (వెలుగును పట్టే పలక) ఉన్న కెమెరా మీద అది ఎనిమిది మీటర్ల దూరంలో దాదాపు నాలుగు మీటర్ల వెడల్పును పడుతుంది. కూతగాడూ, అతని కాలు పట్టినవాడూ, మీదికి దూకేవాళ్ళూ అందులో ఇముడుతారు.

ఇండోర్ స్టేడియంలో సంగతి వేరు. విజయవాడలో దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం లాంటి చోట్లకు ఎప్పుడో ఒకనాడు మీరూ వెళ్తారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని రకాల దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గాని, వేగంగా తీసిన ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. ఒక ఫ్రేము పచ్చగా, మరొకటి నీలంగా రావచ్చు. కెమెరాలో మినుకు తగ్గించే అమరిక ఉంటే పెట్టండి. లేకపోతే ఆట మొదలవకముందే నాలుగు ఫొటోలు తీసి సరిచూసుకోండి.

ఫోకస్‌ను కదిలే వస్తువును వెంబడించే పద్ధతిలో ఉంచండి. బరస్ట్‌లో (వరసగా ఫొటోలు తీసే పద్ధతిలో) బటన్‌ను అదిమి పట్టి ఉంచవద్దు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. 30 సెకన్ల కూతలో తొలి 20 సెకన్లు అటూ ఇటూ అడుగులే. డిఫెండర్ల చేతులను చూస్తూ ఉండండి. చేతులు పట్టుకుని నిలబడ్డ జంట ఒక్కసారి విడివడిందంటే పట్టు పడబోతోందని అర్థం. అప్పుడు నొక్కండి, మూడు నాలుగు ఫ్రేములు చాలు. ఆ తరువాత కెమెరా దించవద్దు. విజిల్ మోగాక వచ్చే రెండు క్షణాల్లో ఒకడు తొడ చరుస్తాడు, ఒకడు నేల మీద పడి ఆకాశం చూస్తాడు. పత్రికవాళ్ళు వాడుకునేది చాలాసార్లు ఆ రెండో ఫొటోనే.

ఫోనుతో తీసేవాళ్ళు రెండు వేళ్ళతో జూమ్ చేయడం మానండి. కోర్టు లోపలి ఆటకు ఫోను అంతగా పనికిరాదు. కానీ గీత బయట అదే రాజు. సున్నంతో గీతలు పోసే పిల్లలు, స్కోరు పుస్తకం మీద వంగిన వ్యాయామ ఉపాధ్యాయుడు, ప్రహరీ గోడ ఎక్కి చూసే కింది తరగతులవాళ్ళు, పొలం పనినుంచి నేరుగా వచ్చి దూరంగా నిలబడ్డ తల్లి, గేటు దగ్గర ఐసుబండి. ఊరంటే వీళ్ళే. ఆట బొమ్మలతో పాటు ఇవీ లేకపోతే, ఆ పోటీ ఏ ఊళ్ళో జరిగిందో చెప్పలేం.

ఇక అతిథుల ఫొటో. పెద్దమనిషి పంచె ఎగగట్టి కూతకు వెళ్ళినట్టు నటిస్తాడు, ఎదుట పిల్లలు పట్టుకోబోయినట్టు నటిస్తారు. నిర్వాహకులకు అది తప్పనిసరి, మీరూ తీయాల్సిందే. అర నిమిషంలో ముగించి మీ మూలకు వచ్చేయండి.

అమ్మాయిల ఆట తీసేటప్పుడు ఒక నియమం ఉంది, ఇందులో రాజీ లేదు. పట్టులో బట్టలు పక్కకు జరుగుతాయి. అలాంటి ఫ్రేమును అక్కడికక్కడే చెరిపేయండి, తరువాత చూద్దామనుకోవద్దు. మీరు తీసేది చిన్న ఊళ్ళో, మీకు తెలిసిన ఇళ్ళ పిల్లలను. ఆ ఫొటో సాయంత్రానికల్లా వాళ్ళ ఫోనుల్లో ఉంటుంది. ముందుగా ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి. ఒక పిల్లను విడిగా తీసి ఎక్కడైనా వాడాలనుకుంటే తల్లిదండ్రులను అడగండి. వద్దన్నారా, వద్దు.

చివరగా పేర్లు. ఆటకు ముందు స్కోరు బల్ల దగ్గర ఉన్న జట్టు జాబితాను ఒక ఫొటో తీసుకోండి. చొక్కా నంబరుకూ పేరుకూ లంకె అక్కడే దొరుకుతుంది. ఆట అయ్యాక పిల్లల చేతే మీ పుస్తకంలో ఇంటి పేరుతో సహా రాయించుకోండి. ఒకే జట్టులో ఇద్దరు సాయిలు, ముగ్గురు లక్ష్ములు ఉండటం మనకు మామూలే. పేపరులో పేరు తప్పు పడితే ఆ కత్తిరింపును ఆ ఇంట్లో ఎవరూ దాచుకోరు.

ఈ వారం అభ్యాసం: మీకు దగ్గరలోని బడికి సాధన జరిగే సాయంత్రం వెళ్ళండి. గుంటూరులో ఉన్నవాళ్ళు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఎవరైనా ఆడుతుంటే అడిగి కూర్చోవచ్చు. మొదటి పది నిమిషాలు కెమెరా సంచీలోనే ఉంచి, పట్టు పడబోయే క్షణాన్ని నోటితో "ఇప్పుడు" అని చెప్పడం సాధన చేయండి. తరువాత మూడు ఫొటోలు తేవాలి: మధ్య గీత మీద చెయ్యి, విజిల్ తరువాత ఒక ముఖం, గీత బయట ఒక మనిషి. మూడింటి కిందా పేరు, తరగతి, ఊరు ఉండాలి.

వచ్చే పాఠం ఖోఖో. అందులో తరిమేవాడు వెనక్కి తిరగకూడదు, వరుసలో కూర్చున్నవాళ్ళ మధ్యగా దాటకూడదు. ఈ రెండు నియమాలు తెలిస్తే అతను ఎటు వస్తాడో ముందే చెప్పవచ్చు. స్తంభం దగ్గర ఎక్కడ కూర్చోవాలో అప్పుడు చూద్దాం. ప్యాంటు మోకాళ్ళకు మట్టి అంటుతుంది, పాతది వేసుకుని రండి.